చిన్నల్లుడు కట్టిన ట్రాక్టరు

లోవరాజు కట్టిన లోడు దారిలో కదిలిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. పామాయిల్ గెలలైనా, పొగాకు బేళ్ళైనా, జామాయిల్ కర్రలైనా అతని ట్రక్కులోకి ఎక్కాయంటే దిగాల్సిన చోటే దిగుతాయి. ఆ సంగతి జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల అందరికీ తెలుసు. కానీ అందరి మెప్పూ అతనికి అక్కర్లేదు. అతనికి కావలసింది ఒకే ఒక్క మనిషి నోట ఒక్క మంచిమాట. ఆ మనిషి అతని మావగారు చంద్రరావు. ఆయన నోట మంచిమాట రాదని కాదు, వస్తుంది. వచ్చినప్పుడల్లా అది చిన్నల్లుడు సుకుమార్ గురించే వస్తుంది, అదీ బాధ.

చంద్రరావుకి మగపిల్లలు లేరు. పెద్దమ్మాయి సత్యవాణిని లోవరాజుకీ, చిన్నమ్మాయి దేవిశ్రీని సుకుమార్‌కీ ఇచ్చాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి మావగారి పామాయిల్ తోట పనులన్నీ లోవరాజే నెత్తిన వేసుకున్నాడు. గెలలు కొట్టించడం, తన పెద్ద ట్రాక్టరు వెనక ట్రక్కు తగిలించి ఫ్యాక్టరీకి తోలడం, మోటారు కాలిపోతే ఎండలో నిలబడి విప్పించడం, అన్నీ. సుకుమార్ వచ్చింది నిన్న గాక మొన్న. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపు. తెల్లచొక్కా నలగదు. మాట తేనె. అత్తగారు శ్యామలాంబకి ఫోనులో ఏదో నొక్కి చూపించి, "మీరు భలే తొందరగా నేర్చుకుంటారండి అత్తయ్యగారూ" అంటాడు. ఆవిడ పొంగిపోతుంది. ఆదివారం భోజనాల్లో చేపల పులుసు గిన్నె ముందు అతని కంచం వైపే వెళ్తుంది. తలకాయ ముక్క ఎవరికి పడిందో లోవరాజు చూడనట్టు చూస్తాడు. చెప్పొద్దూ, ముక్క కోసం కడుపు మాడ్చుకునే మనిషి కాదతను. అయినా ఆ పూట అతనికి అన్నం సహించదు.

పోనీ సుకుమార్ చెడ్డవాడా అంటే అదీ కాదు. చెడ్డవాడైతే లోవరాజుకి ఎంతో హాయిగా ఉండేది. నలుగురిలో తిట్టుకునేవాడు. ఎదురుపడితే చాలు "అన్నయ్యగారూ, బాగున్నారా అండి" అని చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి ఏమని తిట్టాలి?

ఈ ఏడు చంద్రరావు మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. తోట ఎవరో ఒకరి చేతిలో పెట్టక తప్పలేదు. ఊరి చివర ఒక ముక్క, వాగు అవతల ఒక ముక్క, రెండింట్లోనూ చెట్ల మధ్య తిరగడానికి మినీ ట్రాక్టరు ఒకటి ఉంటే మంచిదని, కడియంలో నర్సరీ పెద్దిరాజు వాడుతున్న బండిని, దాని వెనకుండే, కత్తులతో నేల దున్నే రోటవేటరుతో సహా మాట్లాడుకున్నాడు. అల్లుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పాడు.

"మీరిద్దరూ వెళ్ళి బండి తీసుకురండి. బండి గుమ్మం ముందు దిగాక తోట ఎవరు చూసుకోవాలో చెబుతాను."

లోవరాజు గుండెల్లో రాయి పడింది. ఇన్నేళ్ళుగా చూసుకుంటున్నది తనే అయితే, ఇక చెప్పడానికి ఏముంది? చెప్పడానికి ఏదో ఉందంటే, ఆ ఏదో చిన్నల్లుడే.

కడియం వెళ్ళేసరికి ఆ రాయి నిప్పయింది. సుకుమార్, దేవిశ్రీ మోటారుసైకిలు మీద అప్పటికే వచ్చేసి ఉన్నారు. మినీ ట్రాక్టరు కడిగి, బంతిపూల దండ వేసి, బానెట్‌కి పసుపు రాసి బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి. దేవిశ్రీ ఫోను పట్టుకుని అన్నిటికీ వీడియో తీస్తోంది.

నర్సరీలో మొక్కల లారీల కోసం ఎత్తుగా కట్టిన మట్టిగట్టు ఉంది. లోవరాజు తన ట్రక్కుని వెనక్కి తీసి గట్టుకి ఆనించాడు. అది రెండు చక్రాల ట్రక్కు. దాని బరువంతా నడిమి ఇరుసు మీదా, ముందు పెద్ద ట్రాక్టరుకి తగిలించే కొక్కెం మీదా పడుతుంది. వెనక బరువు ఎక్కువైతే కొక్కెం పైకి లేస్తుంది. లేచిందంటే ట్రక్కు తోక ఊపడం మొదలెడుతుంది. మినీ ట్రాక్టరుకి బరువంతా వెనకే, పైగా రోటవేటరు. అందుకని దాన్ని వెనక్కి నడిపించి ఎక్కించాలి. ఇది లోవరాజుకి వెన్నతో పెట్టిన విద్య.

సరిగ్గా అప్పుడే శ్యామలాంబ ఫోను చేసింది. సుకుమార్ స్పీకరు పెట్టాడు.

"అల్లుడుగారూ, బండి మొహం ముందుకే ఉండాలండి. లక్ష్మిని ఇంటికి తెచ్చుకుంటూ వీపు చూపించి తెచ్చుకోకూడదు. హారతి ఇచ్చేటప్పుడు మొహం నాకు కనపడాలి."

"అలాగేనండి అత్తయ్యగారూ. మొహం ముందుకే" అన్నాడు సుకుమార్.

పెద్దిరాజు తల గోక్కుని లోవరాజు వైపు చూశాడు. "వెనక్కి ఎక్కించరా ఏంటండీ?" అన్నాడు మెల్లగా. లోవరాజు పక్కనే ఉన్న గులాబీ అంటుమొక్కల వైపు చూపు తిప్పుకున్నాడు. మొక్కలు బాగున్నాయి. అంతగా ఎప్పుడూ చూడలేదు వాటిని.

బండి మొహం ముందుకే ట్రక్కెక్కాక సుకుమార్ చొక్కా చేతులు మడిచి దగ్గరకొచ్చాడు. "అన్నయ్యగారండీ, మీరు ఏమీ అనుకోకపోతే ఈసారి నేను కడతానండి. నాకు తోట పని ఏం తెలుసని మావయ్యగారు అనుకుంటారేమో. వీడియోల్లో చూశాను, ఎలా కట్టాలో."

వీడియోల్లో చూశాడట. లోవరాజు కడుపులో భగ్గుమంది. తను ఎండల్లో, వానల్లో, వేళ్ళు నలిగి నేర్చుకున్నది వీడు మంచం మీద పడుకుని చూశాడట. తోట కూడా అలాగే చూస్తాడు కాబోలు. ఆ మంటలోంచే ఒక ఆలోచన పుట్టింది. వీడే కట్టనీ. వీడు కట్టిన బండి దారిలో జారి ఏ పొగాకు చేలోనో పడనీ. బండి విరిగినా బాగుచేయించుకోవచ్చు, వీడి పేరు మాత్రం మళ్ళీ అతకదు. మొగుడూ పెళ్ళాలు ఎలాగూ హారతికి ముందే ఇల్లు చేరాలని మోటారుసైకిలు మీద ముందు వెళ్ళిపోతారు. వెనకాల ఎవరూ ఉండరు. ఎవరికీ దెబ్బ తగలదు.

"కట్టవయ్యా. నాకేం అభ్యంతరం?" అన్నాడు నవ్వుతూ.

సుకుమార్ కట్టడం మొదలుపెట్టాడు. లోవరాజు బీడీ వెలిగించుకుని గట్టు మీద కూర్చున్నాడు. కుర్రాడు చాలా శ్రద్ధగా, చాలా నీటుగా, మొత్తం తప్పుగా కట్టాడు. గొలుసులు వేస్తే రంగు గీసుకుపోతుందని నైలాన్ తాడు తెచ్చాడు. ఆ తాడుని ఇరుసుకి వెయ్యకుండా టైర్ల మీదుగా, బానెట్ మీదుగా తిప్పాడు. బొట్ల మీద పడకుండా పక్కకి జరిపాడు కూడా. రోటవేటరు కింద ఆనకుండా గాల్లోకి ఎత్తి వదిలేశాడు. గేరు న్యూట్రల్‌లో ఉంది. చక్రాల కింద చెక్క లేదు, నిమ్మకాయలు ఉన్నాయి. ఒక్కొక్క తప్పు చూస్తున్నప్పుడల్లా లోవరాజు లోపల చంకలు గుద్దుకున్నాడు.

అంతా అయ్యాక సుకుమార్ చెమట తుడుచుకుని అడిగాడు. "ఒకసారి చూడండి అన్నయ్యగారూ. సరిపోతుందా అండి?"

అడక్కపోతే వేరే సంగతి. అడిగాడు. లోవరాజు లేచి వెళ్ళి తాడుని వేలితో ఒకసారి మీటాడు.

"నీ చేతి కట్టు. నేను వేలు పెట్టను" అన్నాడు.

సుకుమార్ మొహం వెలిగిపోయింది. దాన్ని మెప్పు అనుకున్నాడు.

రాజమండ్రి దాటి, గోదావరి మీద వంతెన దాటేదాకా ఏమీ కాలేదు. రోడ్డు చదునుగా ఉంది, లోవరాజు నెమ్మదిగా తోలాడు. మనసులో మాత్రం సినిమా తిరుగుతూనే ఉంది. బండి పడిందని మావగారికి తనే ఫోను చేస్తాడు. "నేను వద్దనలేదండి, కుర్రాడు ముచ్చటపడ్డాడు" అంటాడు. ఆయన "మీరుండి కూడా ఇలా అయిందేంటండీ" అనడు, "మీరు కట్టి ఉంటే ఇలా అయ్యేదా" అంటాడు. ఆ మాట లోవరాజు చెవిలో పదిసార్లు మోగింది. ప్రతిసారీ కొత్తగానే తియ్యగా ఉంది.

దేవరపల్లి దాటాక మెట్ట మొదలైంది. రోడ్డు ఎక్కడం, దిగడం. మొదటి దిగుడులోనే నడుము కింద తెలిసింది అతనికి, కొక్కెం తేలుతోందని. పెద్ద ట్రాక్టరు వెనక చక్రాలకి నేల అందీ అందనట్టుంది. ట్రక్కు తోక ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఇక ఎంతోసేపు పట్టదు. మంచిదే అనుకుంటూ అద్దంలోకి చూశాడు.

అద్దంలో మోటారుసైకిలు కనపడింది.

ముందు వెళ్ళాల్సినవాళ్ళు వెనక వస్తున్నారు. ట్రక్కుకి మరీ దగ్గరగా, దాదాపు ఆనుకుని. వెనక సీటు మీద దేవిశ్రీ ఒక పక్కకి వంగి, ఒక చేత్తో మొగుడి భుజం పట్టుకుని, రెండో చేత్తో ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. బంతిపూల దండ గాలికి ఊగడం బాగా వస్తోంది కాబోలు, నవ్వుతోంది. గాల్లో వేలాడుతున్న రోటవేటరు కత్తులు సరిగ్గా ఆ నవ్వుకి ఎదురుగా ఉన్నాయి.

లోవరాజు పెళ్ళిలో వీధి చివరిదాకా చెప్పులు దాచుకుని పరిగెత్తిన మరదలది. "బావా, బావా" అంటూ ఇప్పటికీ ముందు అతనికే కాఫీ తెచ్చిచ్చేది ఆ ఇంట్లో అదొక్కతే. చెయ్యి బయటపెట్టి దూరం జరగమని ఊపాడు. దేవిశ్రీ తనకే ఊపుతున్నాడనుకుని తిరిగి చెయ్యి ఊపింది. బ్రేకు గట్టిగా వేస్తే బండి ముందుకి తన్ని వెనక్కి జారుతుంది. వెయ్యకపోతే దిగుడు. గేరు తగ్గించి, పళ్ళు బిగబట్టి, నడకకన్నా మెల్లగా దించుకుంటూ వచ్చి, గోపాలపురం పొలిమేరలో చింతచెట్ల నీడన పక్కకి ఆపాడు.

"ఏంటండీ అన్నయ్యగారూ, ఆపేశారు?" అన్నాడు సుకుమార్.

"టైరులో గాలి తక్కువైనట్టుంది. చూసుకుంటాను. మీరు ఊళ్ళోకెళ్ళి టిఫిన్ చేసి రండి. నాకు రెండు ఇడ్లీ కట్టించుకురండి."

వాళ్ళు వెళ్ళగానే ట్రక్కెక్కాడు. అప్పుడు నిజం చెప్పేసి, సుకుమార్‌ని పక్కన పెట్టుకుని కట్టి ఉంటే అయిపోయేది. కానీ చెబితే, "మరి కడియంలో ఎందుకు చెప్పలేదండీ?" అని అడుగుతాడు. కోపంగా కాదు, ఆ పాడు మర్యాదతోనే అడుగుతాడు.

తాళ్ళు వదులు చేశాడు. మినీ ట్రాక్టరు స్టార్ట్ చేసి, దాని మొహం ట్రక్కు ముందు చెక్కకి తగిలేదాకా నడిపి, బరువుని ఇరుసు మీదకి తెచ్చాడు. రోటవేటరు దించి ట్రక్కు నేలకి ఆనించాడు. ఇంజను ఆపి గేరులో వేసి, బ్రేకు బిగించాడు. నాలుగు చక్రాలకీ చెక్కలు కొట్టాడు. సీటు కింద నుంచి తన గొలుసులు తీసి, ముందు ఇరుసు నుంచి ముందుకీ, వెనక నుంచి వెనక్కీ, రెండు పక్కలా ఎదురెదురు లాగి, ఇనుప లివరుతో బిగించాడు. బండి ట్రక్కులో భాగమైపోయింది. అంత బాగా అతను ఎప్పుడూ కట్టలేదు. ఆ తర్వాత ఆ గొలుసుల పైన సుకుమార్ తాళ్ళని ఎప్పటిలాగే తిప్పి కట్టి, బండి మొహం మాత్రం బయటికుంచి, మిగతాదంతా బరకంతో కప్పేశాడు. దొంగతనం చేసినవాడు కూడా అంత కంగారుపడి ఉండడు.

"దుమ్ము పడుతోందని కప్పాను" అన్నాడు వాళ్ళు వచ్చాక. ఇడ్లీ పొట్లం సీటు కింద పెట్టాడు. "మీరు ముందు పదండి" అని వాళ్ళు కనుమరుగయ్యేదాకా కదల్లేదు.

సాయంత్రం ఎండ వాలుతుండగా బండి మావగారి గుమ్మం ముందు ఆగింది. శ్యామలాంబ హారతి ఇచ్చింది. లక్ష్మి మొహం ఆవిడకి కనపడింది, ఆవిడ మొహం వికసించింది. సత్యవాణి వెనకాల నిలబడి మొగుడి మొహం చూసింది. అది వికసించలేదు. చంద్రరావు కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి బలంకొద్దీ ఊపాడు. బండే కాదు, ట్రక్కు కూడా కదల్లేదు.

"ఇంత దూరం వచ్చి వెంట్రుకవాసి జరగలేదు. ఎవరు కట్టారు?"

"మీ చిన్నల్లుడే నాన్నా. బావ వేలు కూడా పెట్టలేదు. కావాలంటే చూడు" అంది దేవిశ్రీ, ఫోను ముందుకి జాపి. ఫోనులో సుకుమార్ చెమటలు కక్కుతూ తాడు లాగుతున్నాడు. వెనకాల గట్టు మీద లోవరాజు బీడీ కాల్చుకుంటున్నాడు.

చంద్రరావు వీడియో అంతా చూశాడు. "పెద్దల్లుడుగారు ఉండి కూడా చెయ్యి పెట్టలేదంటే, పెట్టక్కర్లేకుండా ఉందన్నమాట" అన్నాడు. ఆ మాటే లోవరాజు ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట. తన చూపుకి మావగారు అంత విలువిచ్చారు. ఆ విలువంతా తీసుకెళ్ళి వేరేవాడి ఖాతాలో వేశారు.

"అన్నయ్యగారు నన్ను నమ్మారండి. ఇంకొకరైతే మధ్యలో వంద తప్పులు పట్టేవారు" అన్నాడు సుకుమార్. లోవరాజుకి పుండు మీద కారం చల్లినట్టుంది.

"అయితే తోట మీరే చూసుకోండి చిన్నల్లుడుగారూ. గెలలు ఎప్పట్లాగే పెద్దల్లుడుగారు తోలతారు" అన్నాడు చంద్రరావు. అయిపోయింది. ఇన్నేళ్ళ ఎండ రెండు ముక్కల్లో అయిపోయింది.

సుకుమార్ మావగారి కాళ్ళకి దణ్ణం పెట్టి లేచాడు. "రేపే వాగు అవతల తోటకి తీసుకెళ్తానండి. అంత దూరం నడిపించడం ఎందుకండీ, ట్రక్కు అద్దెకి మాట్లాడుకుంటాను. కట్టడం ఇప్పుడు నాకు వచ్చేసింది కదా. దేవి కూడా బండి మీదే కూర్చుని వస్తానంటోంది."

వాగు దగ్గర రోడ్డు గోడలా దిగుతుంది. లోవరాజుకి ఆ దిగుడూ కనపడింది, బండి సీటు మీద కూర్చుని నవ్వుతున్న దేవిశ్రీ కూడా కనపడింది.

"నీకు రాదు" అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

"కట్టడం నీకు రాదు సుకుమార్. రేపు నువ్వు కట్టొద్దు."

శ్యామలాంబ హారతిపళ్ళెం పెద్దకూతురి చేతికిస్తూ, అందరికీ వినపడేంత మెల్లగా అంది. "మీ ఆయనకి ఎందుకే అంత ఓర్వలేనితనం? ఎదురుగా బండి కనపడుతూనే ఉంది కదా." సత్యవాణి తల దించుకుంది. పొద్దుట్నుంచీ అసూయతో చచ్చిన మనిషి నోట అసూయ లేని మాట ఆ రోజుకి అదొక్కటే వచ్చింది. దాన్నే అందరూ అసూయ అన్నారు. కాదని చెప్పే మొహం లోవరాజుకి లేదు.

తల దించుకున్న పెళ్ళాన్ని చూశాడు. ట్రక్కెక్కి బరకం లాగేశాడు.

తాళ్ళు పైన అలంకారంగా ఉన్నాయి. కింద గొలుసులు, చెక్కలు, నేలకి ఆనిన రోటవేటరు. మోకాళ్ళు పోయినా చంద్రరావు కళ్ళు పోలేదు. మొత్తం ఒకసారి చూశాడు.

"ఇవి ఎక్కడ వేశారండీ?"

"గోపాలపురంలో. వీళ్ళు టిఫిన్‌కి వెళ్ళినప్పుడు."

"మరి కడియంలో?"

"చూస్తూ కూర్చున్నానండి."

"తప్పు కడుతున్నాడని తెలిసీనా?"

"తెలిసే."

చంద్రరావు అరవలేదు. అంత కోపంలోనూ 'గారు' వదల్లేదు. "సరేనండి పెద్దల్లుడుగారూ" అన్నాడు. వెనక్కి తిరిగి కర్ర ఊనుకుంటూ అరుగు మీదకెళ్ళి కూర్చున్నాడు. తోట మాట మళ్ళీ ఎత్తలేదు, మార్చనూ లేదు. తిట్టి ఉంటే లోవరాజు రాత్రికి అన్నం తినగలిగేవాడు.

దేవిశ్రీ ఫోను లోపల పెట్టేసింది. బావ వైపు చూసి, ఏదో అడగబోయి, అడక్కుండా లోపలికెళ్ళిపోయింది.

సుకుమార్ మాత్రం ట్రక్కెక్కాడు. తెల్లచొక్కా చేతులు మడిచి, గొలుసుల పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు వాటినే చూశాడు. అతని మొహం పాలిపోయి ఉంది. "దేవి వెనకే ఉందండి అన్నయ్యగారూ, ఆ దిగుడులో" అన్నాడు. "ఆపి కట్టారు. ఆపకపోతే..." చేతులు జోడించాడు.

లోవరాజుకి వాణ్ణి కొట్టాలనిపించింది. ఇప్పుడైనా ఒక్క తిట్టు తిట్టకూడదా? మంచితనంలో కూడా వీడే గెలవాలా? పొద్దున్న ఎంత మండిందో, ఇప్పుడూ అంతే మండింది కడుపు. అయినా లివరు తీసుకుని గొలుసు వదులు చేశాడు. చెక్కలు తన్ని పక్కకి తోశాడు. కట్టిందంతా విప్పేసి, గొలుసు కొస తెచ్చి సుకుమార్ చేతిలో పెట్టాడు.

"కట్టు. ముందు గేరులో ఉందో లేదో చూడు. తప్పు చేస్తే చెబుతాను."